కమీషన్ సరే, పూచీ ఎవరిది?

టెక్సస్‌లో ఇళ్ల ఏజెంటు కావాలంటే ఆరు కోర్సులు, 180 గంటల చదువు, వేలిముద్రలు, పరీక్ష. అంతా అయ్యాక చేతికొచ్చిన లైసెన్సు దానంతటది నడవదు. ఎవరో ఒక బ్రోకరు తన కింద చేర్చుకున్నట్టు టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ దగ్గర నమోదు కావాలి. అప్పటిదాకా అది ఇనాక్టివ్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెరా కింద నమోదైన ఏజెంటు సొంత బోర్డు పెట్టుకుని కూర్చోవచ్చు. టెక్సస్‌లో సేల్స్ ఏజెంటుకు ఒక్క డాలరు కమీషన్ వచ్చినా బ్రోకరు ద్వారానే రావాలి. ఏజెంటు తెచ్చిన లిస్టింగు కూడా బ్రోకరుదే. ఏజెంటు వెళ్లిపోతే అది అక్కడే ఉండిపోతుంది.

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు ఈ లైసెన్సు తీసుకున్న మనవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. కొందరికి అదే వృత్తి. కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, అద్దెకిచ్చే ఇళ్లు ఒకటో రెండో కొని, ఎవరికో పోయే కమీషన్ మనకే మిగులుతుంది కదా అని పరీక్ష రాసినవాళ్లు. ఈ కింది సంవాదంలో వదిన మొదటి రకం, మరిది రెండో రకం. మరిది భార్యను వదిన ‘చెల్లి’ అంటుంది. మరిదికి గ్రీన్‌కార్డు వచ్చింది, లైసెన్సూ వచ్చింది, బ్రోకరేజీ ఇంకా కుదరలేదు. వదిన భర్త, అంటే ఈ అబ్బాయికి అన్న, ఈ వాదన జరిగినంతసేపూ క్రికెట్ చూస్తూ జాగ్రత్తగా తటస్థంగా ఉన్నాడు. నేను తటస్థం కాదు. ఒక్క విషయం మినహా వదిన పక్షమే. ఆ ఒక్కటీ వచ్చినప్పుడు చెప్తాను.

మరిది: నాకు ట్రైనింగు వద్దు, ఆఫీసులో కుర్చీ వద్దు, సోమవారం పొద్దున్నే చప్పట్లు కొట్టించే మీటింగు అసలే వద్దు. ఏడాదికో ఇల్లు కొనుక్కుంటా, అంతే. డీల్‌కు ఐదు వందలు తీసుకుని మిగతాదంతా నాకిచ్చే ఫ్లాట్ ఫీజు బ్రోకరేజీ ఒకటి దొరికింది. సంతకం పెడదామంటే మీరు ఆగమంటున్నారు.

వదిన: ఆగమని ఎందుకన్నానంటే, ఆ ఐదు వందలకు ఆయన నీకేం చేస్తాడో నువ్వు అడగలేదు కనక.

మరిది: ఏం చేయక్కర్లేదు. లెక్క చూడండి. ఇక్కడ ప్రిన్స్‌టన్‌లో 3,50,000 డాలర్ల ఇల్లు. కొనేవైపు ఏజెంటుకు రెండున్నర శాతం అంటే 8,750. మీలాంటి చోట 70-30 పంపకంలో నాకొచ్చేది 6,125. ఫ్లాట్ ఫీజులో 8,250. తేడా 2,125 డాలర్లు. కొత్త వాటర్ హీటర్ వస్తుంది దాంతో.

వదిన: ఆ 8,750 ఎవరిస్తున్నారు?

మరిది: అమ్మేవాళ్లు. ఎప్పుడూ వాళ్లేగా ఇచ్చేది.

వదిన: ఆ ‘ఎప్పుడూ’ 2024 ఆగస్టు 17తో సరి. కాన్సాస్ సిటీలో 2023 అక్టోబరు చివర జ్యూరీ తీర్పు వచ్చింది, గుర్తుందా? ఇళ్లు అమ్మినవాళ్లు వేసిన కేసు. దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం. ఆ తర్వాత మార్చిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీపడింది. కొనేవాళ్ల ఏజెంటుకు ఇంతిస్తాం అని ఏజెంట్ల ఉమ్మడి జాబితా అయిన ఎంఎల్‌ఎస్‌లో రాయడం ఆ ఆగస్టు నుంచి బంద్. ఇప్పుడు ప్రతి ఇంటికీ అడగాలి, కాంట్రాక్టులో రాయించుకోవాలి.

మరిది: అడుగుతా. ఇస్తున్నారు కదా చాలామంది.

వదిన: వేరేవాళ్ల కోసం అడిగితే ఇస్తున్నారు. నీ కోసం నువ్వే అడిగితే అది ఏమవుతుంది? అమ్మేవాడి బల్ల మీద నాలుగు ఆఫర్లు ఉన్నాయనుకో. వాడు ధర చూడడు, చివరికి తన చేతికి మిగిలేది చూస్తాడు. నీ ఆఫరులో 8,750 కోత ఉంది. అంటే నువ్వు అడుగుతున్నది కమీషన్ కాదబ్బాయ్, తగ్గింపు. ఆ తగ్గింపు ధరలోనే అడిగావనుకో, 3,41,250కి కొన్నావంతే. కమీషన్‌గా అడిగితే అది బ్రోకరు దగ్గరికెళ్లి, ఆయన కోత కోసుకుని, ఏడాది చివర నీ పేరున 1099 ఫారం పంపిస్తాడు. దాని మీద పన్ను ఎలా పడుతుందో మీ సీపీఏని అడుగు, నన్ను కాదు.

మరిది: కానీ కమీషన్‌గా వస్తే చేతిలో నగదు ఉంటుంది. ధర తగ్గితే ఆ మొత్తం ముప్ఫై ఏళ్ల లోనులో కలిసిపోతుంది. నాకు నగదే కావాలి, రిపేర్లకి.

వదిన: అది న్యాయమే. నగదు కావాలనుకుంటే అడుగు. లెక్క మాత్రం 2,125 దగ్గర మొదలుపెట్టకు. ఆ తేడా ఉందో లేదో అమ్మేవాడు ఒప్పుకున్నాక కదా తెలిసేది. కొత్త ఇళ్లయితే బిల్డర్లు ఇంకా ఇస్తున్నారు. ఏజెంటే కొనుగోలుదారైతే ఇస్తారా లేదా అన్నది మోడల్ హోంలో అడుగుపెట్టకముందే రాతలో తెచ్చుకో.

మరిది: సరే, కమీషన్ పక్కన పెట్టండి. నేను లైసెన్సు తీసుకున్నది ఎంఎల్‌ఎస్ కోసం కూడా. టెక్సస్‌లో ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వ రికార్డులో ఉండదు. డీడ్‌లో ధర రాయరు. వెబ్‌సైట్లలో కనిపించేది అంచనా. పక్కవీధి ఇల్లు ఎంతకు పోయిందో ఖాయంగా తెలియాలంటే ఎంఎల్‌ఎస్ ఒక్కటే దారి. ఇల్లు కొనేముందు అది కావాలి, మే 15 లోపల ఆస్తిపన్ను మీద ప్రొటెస్ట్ వేయడానికీ అది కావాలి. ఇందులో తప్పేముంది?

వదిన: తప్పే లేదు. ఇన్వెస్టరుకు లైసెన్సు ఎందుకూ అని ఎవరైనా అడిగితే నేనూ ఇదే చెప్తా.

ఈ మాట తేలిగ్గా దాటిపోకూడదు. ఆస్తిపన్ను ఇంత భారంగా ఉండే రాష్ట్రంలో, ఆ పన్నుకు మూలమైన అమ్మకం ధరలు సామాన్యుడికి కనిపించకపోవడం నాకు ఎప్పటికీ వింతే. ఏజెంట్ల చేతిలో ఉన్న అసలు సరుకు ఆ ధరలే.

వదిన: అయితే ఎంఎల్‌ఎస్ కూడా బ్రోకరు ద్వారానే వస్తుందని మర్చిపోకు. మన ప్రాంతానికి ఎన్‌ట్రీస్. దానికి రుసుము, అసోసియేషన్‌కు రుసుము, తాళంపెట్టె తెరిచే యాప్‌కు రుసుము. బ్రోకరు రియల్టర్ అసోసియేషన్ సభ్యుడైతే నువ్వూ చేరాల్సిందే. 70-30 లో చేరినా ఐదు వందల దగ్గర చేరినా ఈ ఖర్చులు మారవు. ఏడాదికో ఇల్లు కొనేవాడికి స్ప్లిట్ కన్నా ఇవే ఎక్కువ కొరుకుతాయి. పైగా మొదటి రెన్యువల్‌కి, అంటే రెండేళ్లలోపు, ఇంకో 90 గంటల చదువు.

మరిది: అందుకే కదా మిగతా ఖర్చు తగ్గించుకుందామంటున్నా! మీరు చెప్పినదంతా నా వాదనకే బలం.

వదిన: ఖర్చు దగ్గర బలం. ఇప్పుడు పూచీ దగ్గరికి రా. కాంట్రాక్టు ఫారంలో ఎనిమిదో పేరా చదివావా?

మరిది: పరీక్షకు చదివా. నేను లైసెన్సున్నవాణ్నని అవతలివాళ్లకు కాంట్రాక్టుకు ముందే రాసి చెప్పాలి.

వదిన: నీ కోసం కొన్నా, చెల్లి కోసం కొన్నా, మీ అమ్మగారి పేర కొన్నా, పిల్లాడి పేర కొన్నా చెప్పాలి. పది శాతానికి మించి నీ వాటా ఉన్న ఎల్‌ఎల్‌సీ కొన్నా చెప్పాలి.

మరిది: ఒక లైను రాయడానికి 70-30 ఎందుకు?

వదిన: లైను ఎవరైనా రాస్తారు. రియల్ ఎస్టేట్ కమిషన్ నియమాల్లో దాని పక్కనే ఇంకో మాట ఉంది. నీకున్న నైపుణ్యాన్ని అవతలి మనిషికి నష్టం కలిగేలా వాడకూడదు. ఇప్పుడు మెకిన్నీలో ఒక పెద్దావిడ అనుకో. భర్త పోయాడు, పిల్లలు దూరం, ఇల్లు పాతబడింది. 3,20,000 చేసే ఇంటిని 2,60,000కి ఇచ్చేస్తానంది. నీకు లైసెన్సు లేకపోతే నువ్వు బేరం తెలిసినవాడివి, అంతే. లైసెన్సు ఉంటే, రేపు ఆవిడ కొడుకు ఫిర్యాదు రాస్తే, ఆ వీధిలో ఏ ఇల్లు ఎంతకు పోయిందో నీకు తెలుసా అన్నదే మొదటి ప్రశ్న. తెలిసే ఉంటుంది. దానికోసమే లైసెన్సు తీసుకున్నానని ఇప్పుడే అన్నావు.

మరిది: అంటే లైసెన్సున్నవాడు చవగ్గా కొనకూడదా?

వదిన: కొనొచ్చు. ఎలా కొన్నావో కాగితం మీద ఉండాలి. ఆవిడకు ఏం చెప్పావు, ఎప్పుడు చెప్పావు, వేరే ఏజెంటును అడగమన్నావా, ధర ఆవిడే చెప్పిందా. ఈ కాగితాలు సంతకాలకు ముందు ఎవరో ఒక అనుభవమున్న మనిషి చూడాలి. ఆ మనిషి పేరు బ్రోకరు. నీ మీద ఫిర్యాదు వస్తే ఉత్తరం నీ ఒక్కడి ఇంటికే రాదు. నీ పనులకు చట్టప్రకారం ఆయన బాధ్యుడు. నీ విజిటింగ్ కార్డు మీద నీ నంబరు ఎంత పెద్దదో, ఆయన పేరు అందులో సగమైనా ఉండాలని రూలు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. కింద వందలమంది ఏజెంట్లున్న ఐదు వందల డాలర్ల బ్రోకరు నీ పెద్దావిడ కాగితాలు చదువుతాడా?

మరిది: మీ 70-30 బ్రోకరు చదువుతాడా? ముప్ఫై శాతం తీసుకునేవాడు చదువుతాడని గ్యారంటీ ఏమిటి? మీ ఆఫీసుకొచ్చా కదా. మేనేజరు గది గోడల నిండా ట్రోఫీలే.

వదిన కాసేపు మాట్లాడలేదు. మరిది అక్కడితో వదల్లేదు.

మరిది: ఇంకో మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. నేను మీ బ్రోకరేజీలో మీ పేరు చెప్పి చేరితే, కంపెనీ వాటాలోంచి మీకు కొంత వస్తుంది కదా?

వదిన: వస్తుంది.

మరిది: మరి?

వదిన: అందుకే మా దాంట్లో చేరమని నేను ఒక్కసారి కూడా అనలేదు. కావాలంటే మీ అన్నయ్యని అడుగు.

అన్నయ్య టీవీ నుంచి తల తిప్పకుండానే అవునన్నాడు.

నేను మరిది పక్షం అన్నది ఈ ఒక్క చోటే. ఆస్టిన్‌లో 1983లో మొదలైన కెల్లర్ విలియమ్స్ లాభంలో వాటాను పద్ధతిగా చేసింది; ఈఎక్స్‌పీ లాంటివి ఆదాయంలోంచే వాటా ఇస్తాయి. ఏజెంటును తెచ్చిన ఏజెంటుకు కొంత ముడుతుంది. ఇది చట్టబద్ధం, దాచిపెట్టేదీ కాదు. కానీ బ్రోకరేజీ ఎంచుకోమని సలహా చెప్పేవాళ్లలో చాలామందికి ఆ సలహాలో వాటా ఉంటుంది. ‘నేను చేరితే మీకేమొస్తుంది’ అని మొహం మీదే అడగడం మనవాళ్లకు మొహమాటం. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మరిది: క్యాప్ ఉన్న కంపెనీలు కూడా చూశా. 80-20, ఏడాదిలో 16,000 డాలర్లు కంపెనీకి చేరాక మిగతా ఏడాదంతా మొత్తం మనదే అంటారు.

వదిన: 20 శాతం చొప్పున 16,000 కట్టాలంటే 80,000 డాలర్ల కమీషన్ రావాలి. నీ 8,750 లెక్కన ఏడాదికి తొమ్మిది ఇళ్లు దాటాలి. కొంటావా?

మరిది: లేదు.

వదిన: అయితే ఆ క్యాప్ నీ కోసం పెట్టింది కాదు. చూడు, స్ప్లిట్, క్యాప్, ఫ్లాట్ ఫీజు, ఇవన్నీ ఎక్కువ అమ్మేవాళ్ల కోసం తయారైన లెక్కలు. నీలాంటివాడు చూడాల్సింది పాలసీ మాన్యువల్. బ్రోకరు రాసిపెట్టుకోవాల్సిన పుస్తకం అది. నీ సొంత ఇల్లు నువ్వు కొన్నా కంపెనీ ద్వారానే పోవాలా? పోతే ఎంత తీసుకుంటారు? ఏడాదికి ఒకటీ రెండూ సొంత డీల్స్‌కు మినహాయింపు ఉందా? అద్దె ఇళ్లు చూసుకోవడానికి ఒప్పుకుంటారా? నీ ఫ్లాట్ ఫీజాయన దగ్గర ఈ పుస్తకం అడిగావా?

మరిది: నా ఇళ్లు నేను చూసుకోవడానికి ఎవరి అనుమతి ఎందుకు?

వదిన: నీవి నువ్వు చూసుకోవడానికి అక్కర్లేదు. న్యూజెర్సీలో ఉన్న మీ ఫ్రెండు ఇల్లు ఇక్కడ ఆనా ఊళ్లో ఉంది కదా, దాన్ని ఎవరు చూస్తున్నారు?

మరిది: నేనే. వాడికి ఇక్కడ ఎవరూ లేరు. అద్దె నాకు జెల్‌లో వస్తుంది, నేను వాడికి పంపిస్తా. నెలకు వంద డాలర్లు ఉంచుకోమంటాడు.

వదిన: అయ్యో అబ్బాయ్.

మరిది: వందేగా!

వదిన: వంద అయినా పది అయినా, వేరేవాళ్ల కోసం, డబ్బు తీసుకుని, వాళ్ల ఇంటి అద్దె నీ చేతిలో పడేలా చూసుకోవడం టెక్సస్ చట్టం ప్రకారం బ్రోకరేజీ పనే. లైసెన్సు లేనప్పుడు చేస్తే లైసెన్సు లేకుండా చేసినట్టు. లైసెన్సు వచ్చాక చేస్తే బ్రోకరుకు తెలియకుండా, బ్రోకరు ద్వారా కాకుండా డబ్బు తీసుకున్నట్టు. రెండోది ఇంకా చెడ్డది, ఎందుకంటే రూలు తెలియదనడానికి నీకిప్పుడు వీల్లేదు. ఆపెయ్, లేదా ఆ వంద తీసుకోకు, లేదా ప్రాపర్టీ మేనేజ్‌మెంటుకు ఒప్పుకునే బ్రోకరును వెతుక్కో. చాలా బ్రోకరేజీలు దీన్ని ససేమిరా ఒప్పుకోవు. అద్దె డిపాజిట్లు, ట్రస్టు ఖాతా, రిపేర్ల తగాదాలు, వాళ్లకెందుకు ఈ గొడవ?

మరిది: ఈ సంగతి ఫ్లాట్ ఫీజాయన అడగలేదు.

వదిన: ఆయన నిన్నేం అడిగాడు?

మరిది: క్రెడిట్ కార్డు నంబరు.

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగకముందే వదిన మళ్లీ అందుకుంది.

వదిన: ఇన్సూరెన్సు సంగతి? ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ పాలసీ ఉందన్నాడా?

మరిది: ఉంది, డీల్‌కు కొంత కోస్తారు.

వదిన: ఏజెంటు సొంత ఆస్తికి ఆ పాలసీ వర్తిస్తుందా? సాధారణంగా మినహాయింపుల పేజీలో అదే ముందుంటుంది. నీ డీల్స్ అన్నీ సొంతవే. అంటే నువ్వు ఏడాదంతా కట్టే డబ్బు నువ్వు చేయని పనికి కాపలా. ఆ పేజీ కాపీ అడుగు.

మరిది: ఇవన్నీ వింటుంటే ఒకటే అనిపిస్తోంది వదినా. అసలు లైసెన్సు ఇనాక్టివ్‌లో పెట్టి, మామూలు మనిషిలా కొనుక్కోవడం మేలేమో.

వదిన: అప్పుడు కూడా లైసెన్సున్నవాడివని చెప్పడం మానొద్దు. బ్రోకరు లేనంత మాత్రాన నువ్వు లైసెన్సు హోల్డరువి కాకుండా పోవు. ఎంఎల్‌ఎస్ మాత్రం పోతుంది. నీకు కావలసింది అదొక్కటే అయితే ఇనాక్టివ్ పెట్టి లాభం లేదు.

మరిది: మరి పన్ను సంగతి? లైసెన్సుంటే రియల్ ఎస్టేట్ ప్రొఫెషనల్ కింద లెక్క, అద్దె ఇళ్ల నష్టాలు జీతంలోంచి కొట్టించుకోవచ్చు అని మా ఆఫీసులో అందరూ అంటారు. లైసెన్సు తీసుకోవడానికి సగం కారణం అదే.

వదిన: ఆ అందరిలో సీపీఏ ఎవరైనా ఉన్నారా? ఐఆర్‌ఎస్ లైసెన్సు అడగదు, గంటలు అడుగుతుంది. నువ్వు నిజంగా పాల్గొనే రియల్ ఎస్టేట్ పనిలో ఏడాదికి 750 గంటలకు పైన ఉండాలి. అదొక్కటే కాదు, నువ్వు ఏడాదంతా చేసే పనిలో సగానికి మించి అదే అయ్యుండాలి. నీ ఉద్యోగం 2,000 గంటలు. అంటే ఇళ్ల మీద ఇంకో 2,000 దాటాలి. నిద్రపోవా?

మరిది: పాతిక వేల మినహాయింపు ఒకటుందిగా?

వదిన: ఆదాయం లక్ష దాటితే తగ్గుతూ వచ్చి లక్షా యాభై వేల దగ్గర సున్నా. మీ ఇంటి ఆదాయం ఎక్కడుందో నాకు చెప్పక్కర్లేదు.

మరిది: అయితే ఆ దారి మూసుకున్నట్టే.

వదిన: నీకు మూసుకుంది. చెల్లికి లేదు. జాయింటుగా ఫైల్ చేసేచోట ఇద్దరిలో ఒక్కరు ఆ రెండు పరీక్షలూ పాసైతే చాలు. తనకిప్పుడు ఉద్యోగం లేదు. ఏజెంటుగా పనిచేసిన గంటలు కూడా ఆ 750లో కలుస్తాయి, ఎందుకంటే బ్రోకరేజీ కూడా రియల్ ఎస్టేట్ వ్యాపారమే. అద్దె ఇళ్ల పనిలోనూ మీరు నిజంగా పాల్గొనాలి, గంటలు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. నన్నడిగితే లైసెన్సు నీ పేర కాదు, తన పేర తీసుకుని ఉండాల్సింది.

మరిది: తనూ ఇదే ఫ్లాట్ ఫీజులో చేరొచ్చుగా?

వదిన: అక్కడే నీ లెక్క తిరగబడుతుంది. కాగితం మీద పేరుంటే చాలనుకుంటే ఫ్లాట్ ఫీజు సరిపోతుంది. 750 గంటలు నిజంగా పనిచేయాలంటే క్లయింట్లు కావాలి, ఇళ్లు చూపించాలి, మొదటి మూడు కాంట్రాక్టులు పక్కన కూర్చుని రాయించేవాళ్లు కావాలి. ఆ పక్కన కూర్చునే మనిషికే 70-30 లో ఆ 30. అప్పుడు అది దండగ కాదు.

మరిది: తనకి ఇష్టమో కాదో?

వంటింట్లోంచి జవాబొచ్చింది: “నన్నెవరూ అడగలేదు.”

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. టీ వచ్చింది. టీ తెచ్చిన మనిషి కూర్చోలేదు, అలాగని లోపలికీ వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి మిగతాది విన్నది.

మరిది: సరే, ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకుంటాం. నా సంగతికి వస్తే, మీ మాటే పట్టుకుంటా. చిన్న బ్రోకరు, తనకూ అద్దె ఇళ్లున్నాయి, ఫోనెత్తుతాడు, సొంత డీల్స్‌కు తక్కువ తీసుకుంటానని రాసిస్తాడు. మీరు చెప్పే ఆదర్శం ఇదేగా?

వదిన: ఇదే.

మరిది: అలాంటాయన ఒక్కడే ఉంటాడు. వయసూ ఉంటుంది. రేపు ఆయన లైసెన్సు రెన్యువల్ మర్చిపోయినా, ఆయనకేమన్నా అయినా, నాదీ ఇనాక్టివే. నేను క్లోజింగ్ మధ్యలో ఉంటే? పెద్ద కంపెనీలో ఒకరు కాకపోతే ఇంకొకరుంటారు.

వదిన: అది నిజంగా ఆలోచించాల్సిందే. ఆయన లేనప్పుడు కాగితాలు చూసే రెండో మనిషి ఎవరు అని అడుగు. పేరు చెప్పలేకపోతే వద్దు.

మరిది: నాలుగేళ్లు ఓపిక పడితే నేనే బ్రోకర్ని అయిపోతా, ఈ బెడదే ఉండదు.

వదిన: నాలుగేళ్ల చురుకైన అనుభవం ఉండాలి. అది క్యాలెండరు లెక్క కాదు, చేసిన డీల్స్ పాయింట్లుగా చూపించాలి. ఏడాదికో ఇల్లంటే ఆ పాయింట్లు ఎప్పటికయ్యేను? ఇంకో సంగతి, మీ కాలేజీ వాళ్లంతా కలిసి ఎల్‌ఎల్‌సీ పెట్టి షెర్మన్ వైపు భూమి కొంటున్నారట. నలుగుర్ని చేర్చితే నీకు కొంత ఇస్తామన్నారట.

మరిది: అన్నయ్య చెప్పాడా?

వదిన: ఎవరు చెబితేనేం. భూమి అమ్మిస్తే వచ్చేది కమీషన్. ఎల్‌ఎల్‌సీలో వాటాలు కొనేవాళ్లను తెచ్చినందుకు డబ్బు తీసుకుంటే అది సెక్యూరిటీస్ వ్యవహారం. నీ లైసెన్సుకూ దానికీ సంబంధం లేదు. నువ్వు సొంతంగా పెట్టుబడి పెట్టుకో. మనుషుల్ని చేర్చి డబ్బు తీసుకునేముందు సెక్యూరిటీస్ లాయరుతో మాట్లాడు. ఏ బ్రోకరు దగ్గర చేరినా ఈ వాటా సంగతి ముందే చెప్పు, తర్వాత తెలిస్తే బయటికి పంపిస్తారు. ఆ గుంపులో హెచ్‌1బీ మీదున్న అబ్బాయి కూడా లైసెన్సుకు చదువుతున్నాడని విన్నా. ఇల్లు కొని అద్దెకిచ్చుకోమను, పరవాలేదు. కమీషన్ మాత్రం ముట్టుకోవద్దను. వీసా ఇచ్చిన కంపెనీ పని తప్ప వేరే పని చేసినట్టవుతుంది. బ్రోకరు అడగడు, ఇమ్మిగ్రేషన్ వాళ్లు అడుగుతారు.

మరిది: మీతో మాట్లాడితే కొనాలనే ఉత్సాహం పోతుంది.

వదిన: కొను, నేనేం వద్దన్నానా. ఆ ఐదు వందలాయన దగ్గరే చేరినా నాకు అభ్యంతరం లేదు, ఒక్క పరీక్ష పెట్టి చేరు. ఒప్పందం వదులుకోవడానికి ఉండే ఆప్షన్ పీరియడ్ ఆఖరిరోజు సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది కదా. ఇన్‌స్పెక్షన్‌లో ఫౌండేషన్ పగులు బయటపడింది, వదులుకోవాలా, ధర తగ్గించమనాలా, గడువు పొడిగించమనాలా తెలియదు. అలాంటి రోజు ఎలా ఉంటుందో చూద్దాం. శుక్రవారం నాలుగుంపావుకి ఫోన్ చేసి, ‘ఇంకా చేరలేదు, చేరాలనుకుంటున్నా, ఒక ప్రశ్న’ అను. ఎవరెత్తుతారో, ఎంతసేపటికి ఎత్తుతారో చూడు.

మరిది: ఎత్తితే?

వదిన: ఎత్తితే నీ లెక్కే రైటు.

మరిది: మీ మేనేజరుకూ అదే టైముకు చేస్తా మరి. ఆ ట్రోఫీలాయనకి.

వదిన: చెయ్యి.

మరిది: మీ పాలసీ మాన్యువల్ కూడా పంపించండి. సొంత డీల్స్ గురించి మీవాళ్లేం రాశారో చూస్తా.

వదిన: పంపిస్తా. నలభై పేజీలుంటుంది.

మరిది: సొంత డీల్స్ ఏ పేజీలో ఉన్నాయి?

వదిన: నాకేం తెలుసు? నాకు అద్దె ఇళ్లెక్కడున్నాయి? చదివి నువ్వే చెప్పు.